నాలుగో ఆవిడ నోరు

చిన్నదానికి,

అక్క ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ బాగుంది, మీ బావ బాగున్నారు, నా మోకాలు మాత్రం దాని ఇష్టం వచ్చినట్టు ఉంటోంది. నువ్వూ మరిదిగారూ బాగున్నారని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. ఫోన్ చేస్తే ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. దానికి జవాబు ఉంది, కాస్త ఆగు. ముందు మిగతావి చెప్పనీ.

అమ్మ మాత్రలు వేసుకుంటోందా అన్నావు. వేసుకుంటోంది, కాకపోతే ప్రతిసారీ నేనేదో విషం పెడుతున్నట్టు మొహం పెడుతుంది. పనిషెడ్డు కప్పు బాగుచేయించాం. మీ బావ నిచ్చెన ఎక్కి తానే చేస్తానన్నారు. రెండు మెట్లెక్కి గాలి బాగుందని మెచ్చుకుని దిగిపోయారు. చివరికి మనిషిని పిలవాల్సి వచ్చింది.

ఇక మీ మ్యూజియం హాలుకు చేస్తున్న బొమ్మల సంగతి. నాలుగూ నిలబడ్డాయి. కొడుకు ఊయలలో ఉండగా కోటను కాపాడి, వాడు పెద్దవాడయ్యేదాకా రాజ్యమేలిన రాణి వచ్చింది. ఆవిడ నడుముకు కత్తి పెట్టమంటే పెట్టలేదు, తాళాల గుత్తి పెట్టాను. ముట్టడిలో ధాన్యం కొట్టు తాళాలు తన దగ్గరే ఉంచుకుని ఊరంతటికీ సమానంగా కొలిపించిందని నువ్వే కదా చెప్పావు. కాన్పుల వైద్యం మీద గ్రంథం రాసిన ఆవిడకు చేతులు బాగా కుదిరాయి. నక్షత్రాల లెక్కలు కట్టిన ఆవిడ మెడ వెనక్కి వాల్చి చూస్తుంటుంది. ఆ మెడ చేసినన్నాళ్ళూ నా మెడ పట్టేసింది.

నాలుగో ఆవిడ గురించి నీకు చెప్పేదేముంది! నిండు సభలో పండితులందరితో వాదించిన మనిషి. ఆవిడ రాసినదేదీ మిగల్లేదు. ఓడిపోయినవాళ్ళలో ఒకాయన రాసిపెట్టిన ఒక్క ముక్క మాత్రం దొరికింది: ఆమె అడిగింది, మా దగ్గర జవాబు లేదు, సభ ముగించారు. అంతే. ఏమడిగిందో కూడా రాయలేదు ఆ మహానుభావుడు. చిన్నప్పుడు మనం మంచం మీద సభ పెట్టుకునేవాళ్ళం. పండితులందరూ నేనే, ఆవిడ నువ్వు. ఆమె ఏమడిగి ఉంటుందా అని రోజుకో ప్రశ్న కనిపెట్టి నన్ను ఓడించేదానివి. ఓడిపోవడం నాకెంత బాగుండేదో!

అందుకే ఆవిడకు నోరు తెరిచి పెట్టాను. నాన్న దగ్గర మనిద్దరం నేర్చుకున్న మొదటి పాఠం బొమ్మకు నోరు తెరవకూడదనే. దుమ్ము చేరుతుందనీ, పళ్ళు కనబడితే బొమ్మ వెకిలిగా నవ్వినట్టుంటుందనీ ఆయన అనేవారు. నిజమే, చాలా కష్టం. అద్దం ముందు కూర్చుని మీ బావతో కావాలని గొడవ పెట్టుకునేదాన్ని, మాట బయటికి వచ్చే ముందు పెదవులు ఎలా ఉంటాయో చూసుకోవడానికి. పాపం ఆయన నిజంగానే గొడవనుకుని రెండుసార్లు క్షమాపణ కూడా చెప్పారు. ఎందుకు చెప్పారో ఆయనకూ తెలియదు. మొత్తానికి నోరు కుదిరింది. నవ్వూ కాదు, అరుపూ కాదు, అడగబోతున్న నోరు. రంగులు వేసే ఆయన చూసి, "ఈవిడ ముందు నిలబడితే నాకే ఏదో జవాబు చెప్పాలనిపిస్తోందమ్మా" అన్నాడు.

ఆ తర్వాతే వచ్చాడు మ్యూజియం అధికారి. చొక్కా మడత నలగని మనిషి కాబట్టి షెడ్డులో అందరం ఇస్త్రీబాబు అంటాం. నాలుగో ఆవిడను చూసి ఇబ్బందిగా కదిలాడు.

"నోరు మూసి చిన్న నవ్వు పెట్టండమ్మా. పైవాళ్ళు అడుగుతున్నారు."

"పైన మా చెల్లి ఉంది బాబూ. ఈ హాలు తన ఆలోచనే. అది ఉండగా ఈ నోరు ఎవరు మూస్తారో నేనూ చూస్తాను" అన్నాను. రంగులాయన ఉన్నాడు, వడ్రంగి ఉన్నాడు, అందరూ విన్నారు. ఎంత గర్వంగా అన్నానో నీకు చెప్పలేను. నాకు పిల్లలు లేరు, గొప్పలు చెప్పుకోవడానికి నువ్వొక్కదానివే ఉన్నావు.

నీ ఉత్తరంలో రాశావు: "అక్కా, గొంతు బొంగురుపోయేదాకా వాదించాను, ఒక్కరూ వినలేదు. వేరేవాళ్ళు చేస్తే పాడుచేస్తారు, నువ్వే మూసెయ్. నా మీద కోపం పెట్టుకోకు."

నీ గొంతు ఎలా ఉంది ఇప్పుడు?

ఇక దాచుకోలేను, చెప్పేస్తాను. నువ్వు వాదించానన్న ఆ సమావేశం జరిగిన రోజు ఇస్త్రీబాబు షెడ్డుకు వచ్చాడు. అతను ఇక్కడి నుంచే ఫోన్‌లో దానికి హాజరు కావాలట. "మీ చెల్లెలుగారు కూడా ఉంటారు, వాళ్ళేమంటారో మీరే వినండి" అని ఫోన్ పెద్దగా పెట్టి మట్టి బల్ల మీద ఉంచాడు. మా మాటలు మీకు వినబడకుండా ఏదో నొక్కాడు. నేను చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాను, నువ్వు చూస్తావన్నట్టు. రంగులాయన్ని కూడా పిలిచి, "విను, ఇప్పుడు మా చెల్లి మాట్లాడుతుంది" అన్నాను.

"ఆ నాలుగో బొమ్మ గయ్యాళిలా ఉంది, నోరు మూయించండి. ఎవరికైనా అభ్యంతరమా?" అని మీ పెద్దాయన అడిగాడు.

నువ్వు దగ్గావు. ఆ దగ్గు నాకు తెలియదా? కష్టమైన మాట చెప్పే ముందు చిన్నప్పటి నుంచీ అలాగే దగ్గుతావు. "వస్తోంది" అన్నాను రంగులాయనతో. రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. ఎవరో కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వచ్చింది.

"మరి ఎవరు చేస్తారు? ఆవిడ మొండిమనిషట కదా?" అన్నాడు ఆయన.

అప్పుడు వచ్చింది నీ గొంతు. "మా అక్కే చేస్తుందండీ. నేను చెబితే కాదనదు. దాని సంగతి నాకు వదిలేయండి." అని చిన్నగా నవ్వావు కూడా.

రంగులాయన కుంచెలు కడిగే వంకతో బయటికి వెళ్ళిపోయాడు. ఇస్త్రీబాబు తల వంచుకుని ఫోన్ తీసుకున్నాడు. ఆ పూట షెడ్డులో ఎవరూ నా మొహం చూడలేదు.

వాదించి ఓడిపోయి ఉంటే నిన్ను ఒళ్ళో పడుకోబెట్టుకునేదాన్ని. భయమేసింది అక్కా అని రాసినా అర్థం చేసుకునేదాన్ని. మీ పెద్దాయన తర్వాత ఆ కుర్చీకి నీ పేరు వినబడుతోందని మరిదిగారు మీ బావతో అన్నారట. అదైనా చెప్పి ఉంటే తిట్టుకుంటూనైనా సరేననేదాన్ని. నన్ను అడగకుండా నన్ను వాళ్ళ చేతిలో పెట్టి, నా దగ్గరికొచ్చి గొంతు పోయిందన్నావే, అక్కడ విరిగిపోయింది నా మనసు. ఫోన్‌లో నీ గొంతు వింటే కరిగిపోతానని ఎత్తడం లేదు. ఇదీ నీ ప్రశ్నకు జవాబు.

మూశాను. నువ్వు వాళ్ళతో అన్నది నిజమే, నేను కాదనలేదు. మూయకపోతే నాలుగో దిమ్మె మీద పూలకుండీ పెడతామన్నారు. ఆవిడ కాళ్ళ మీద నిలబడితే చాలనుకున్నాను. పెదవులు కోసి తీసి పుట్టీ పెట్టాను. మొదట వాళ్ళడిగిన నవ్వు పెడితే సబ్బు ప్రకటనలా వచ్చింది, గీకేశాను. ఊరికే మూస్తే నిద్రపోతున్నట్టుంది. మాట నోటిదాకా వచ్చి, అయినా మింగేసిన మనిషి నోరు కావాలి నాకు. అలాంటిది ఎక్కడుందా అని వెతుక్కునే పని లేకుండానే చేతులు చేసుకుపోయాయి. కింది పెదవి కాస్త లోపలికి, ఎడమ మూల కాస్త బిగపట్టి. మధ్యాహ్నానికి అయిపోయింది. ఇస్త్రీబాబు చూసి "ఎంత హుందాగా ఉందమ్మా!" అన్నాడు.

నిన్న అమ్మ నాకు కాఫీ తెచ్చింది, కళ్ళజోడు పెట్టుకోకుండా. గుమ్మంలోనే ఆగిపోయి, నాలుగో ఆవిడను చూసి మొహమంతా నవ్వు చేసుకుంది.

"ఎప్పుడొచ్చావే చిన్నదానా? చెప్పనైనా లేదే!"

కాసేపు చూసింది. కాఫీ గ్లాసు పట్టుకుని ఇంకా దగ్గరికి వెళ్ళింది.

"ఏంటే, అడుగుతుంటే మాట్లాడవేం?"

హాలు ప్రారంభానికి వస్తావుగా, అమ్మకు ఆ జవాబేదో నువ్వే చెప్పుకో.

ఇట్లు,
నువ్వు చెబితే కాదనని
నీ అక్క