మార్చి దాటినా దిగని బొమ్మలు

ఫార్మింగ్టన్ హిల్స్,
ఏప్రిల్ 1983

డోరతీ అక్కా,

బావున్నావా? నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్ళి పది నెలలైంది. నీకు తెలుగు రాదని తెలుసు... అయినా ఇప్పుడు నీకు భాషలతో ఏం పని? నాకైతే కాలు ఒకచోట నిలవడం లేదు. ఏప్రిల్ వచ్చేసింది, మన క్లాసు పిల్లలు గీసిన బొమ్మలు ఇంకా గోడ మీదే ఉన్నాయి!

అదే, బడి ఆఫీసు ఎదుటి గోడ. ఏడాది పొడుగునా ఆటల ఫోటోలు. నల్లవాళ్ళ చరిత్ర నెల కాబట్టి ఫిబ్రవరిలో మాత్రం నీకిచ్చేవాళ్ళు. ఆ బడికి ఒకే ఒక్క నల్ల టీచర్‌వి నువ్వు. మార్చి రాగానే నీ క్లాసు బొమ్మలు మళ్ళీ ఎవరూ పోని బాయిలర్ గది పక్కకి. “ఏడాదంతా పాఠం చెబుతాను కరుణా, ఇరవై ఎనిమిది రోజులే కనిపిస్తాను” అని నవ్వేదానివి. ఆ నవ్వు వెనక ఎంత కోపం దాచుకున్నావో...

పేరెంట్స్ నైట్‌లో ఒకావిడ నిన్ను వంటగది మనిషనుకుని కాఫీ అడిగింది, గుర్తుందా? పోసి ఇచ్చి, “తాగుతూ రండి, మీ అబ్బాయి బొమ్మ చూపిస్తాను. వాడి ఆర్ట్ టీచర్‌ని నేనే” అన్నావు. నాకైతే ఆ కప్పు ఆవిడ నెత్తిన బోర్లించాలనిపించింది!

నేను మాత్రం తక్కువ తిన్నానా? నీకు సహాయకురాలిగా చేరిన మొదటి ఏడు, మార్చి ఒకటిన పొద్దున్నే వచ్చి, బొమ్మలన్నీ విప్పి, చుట్టచుట్టి నీ బల్ల మీద పెట్టాను. మెచ్చుకుంటావనుకున్నాను. “ఎవరూ అడక్కుండానే తీసేశావా?” అన్నావు. అంతే. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నువ్వు వెంటపడి చదివించిన టీచర్ చదువు పూర్తయింది, నీ క్లాసు నాకే ఇచ్చారు. ఈ ఫిబ్రవరిలో పిల్లల చేత వాళ్ళ అమ్మమ్మల్ని, నాయనమ్మల్ని గీయించాను. నెలాఖరున గోడ ఖాళీ చేయమని ఆఫీసు నుంచి చీటీ వచ్చింది. దాని వెనక “తీయను” అని రాసి పంపించాను! మా ఆయనకేమో కార్ల ఫ్యాక్టరీలో లేఆఫ్. వచ్చే ఏడాదికి నన్ను ఉంచుతారో లేదో తేలే సమయం.

మర్నాడు ప్రిన్సిపాల్ నిచ్చెనిచ్చి మనిషిని పంపాడు. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని తొమ్మిది మంది ముసలమ్మలు! బొమ్మలు తీసేస్తున్నారని పిల్లలు ఇంట్లో చెప్పేశారట. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, చర్చికి పెట్టుకునే టోపీలతో... ఎవరి బొమ్మ ముందు వాళ్ళు నిలబడ్డారు. నా ముక్కు ఇంత లావా అని ఒకావిడ మనవరాలితో పోట్లాట. ఆ జనంలో నిచ్చెన ఎక్కడ వేస్తాడు? ప్రిన్సిపాల్ వచ్చాడు, చేతులు కట్టుకుని చూశాడు, నిచ్చెన మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు.

నిన్న నా ఉద్యోగం కాగితం వచ్చింది. ఉంచారు! గోడ కూడా బడి మూసే జూన్ దాకా మనదే!

అంత సంతోషంలోనూ ఏడుపొచ్చింది. నువ్వుండగా ఒక్కసారైనా నేనెందుకు ఎదురు చెప్పలేదు?

రేపు పిల్లలు నిన్ను గీస్తారు. వాళ్ళకి రంగులు కలపడం నేర్పింది నువ్వే, ఒంటి రంగు తప్పితే ఊరుకోను. ఆ బొమ్మలు మే నెలలో పెడతాను. ఫిబ్రవరి దాకా ఆగను అక్కా.

నీ చెల్లెలు,
కరుణ