జవాబు రాయనక్కర్లేదు

సెప్టెంబర్ 2, సోమవారం

మళ్ళీ ఎంపికల కాలం వచ్చింది. మా ఆన్‌లైన్ అల్లికల గుంపు ఊలుగూడులో ఒకటే సందడి. పదకొండు వేల మంది అల్లేవాళ్ళం, ఒకరి ముఖం ఒకరు చూడకుండా స్క్రీన్ మీదే స్నేహం చేస్తుంటాం. ఏడాదికి ఒక చిన్న సేవాసంస్థను ఎంచుకుంటాం. చిన్నదంటే మరీ చిన్నది. జీతగాళ్ళు ఉండకూడదు, బయట పేరు వినబడి ఉండకూడదు. అక్టోబర్ మొదటి సోమవారం అందరం ఒకేసారి దానికి పార్సెళ్ళు పంపుతాం. సొంతంగా అల్లింది ఒకటి, చేత్తో రాసిన ఉత్తరం ఒకటి.

వెతికి, వెళ్ళి చూసి, పేర్లు తెచ్చేది నేను. గూడు పెట్టింది విల్మా కాబట్టి ఓటింగ్ నడిపేది ఆవిడ. పళ్ళ డాక్టర్ దగ్గర రిసెప్షన్‌లో కూర్చుని రోజంతా జనం మూలుగులు వినే నాకు, ఏడాది మొత్తంలో గర్వంగా ఉండే నెల ఇదొక్కటే.

ఈసారి ముందున్న పేరు ఇన్నిస్ టల్లక్. ఆక్‌మిథీ అనే పల్లెలో షెడ్డు వేసుకుని పాత వీల్‌చైర్లు బాగుచేస్తాడు. సొంత కుర్చీ వచ్చేదాకా ఆగలేనివాళ్ళకి ఊరికే ఇస్తాడు.

సెప్టెంబర్ 5, గురువారం

విల్మా గుర్తుచేసింది. కొత్తది తేలే ముందు, పోయినేడు ఎంచుకున్నచోటికి వెళ్ళి ఫోటో తేవాలి. "మనం చేసింది చూడండి" అనే థ్రెడ్ కోసం. సరే, శనివారం గ్రెటా దగ్గరికి వెళ్తాను. నిమ్మకాయ కేక్ చేస్తాను.

సెప్టెంబర్ 7, శనివారం

కేక్ ఇంకా కారులోనే ఉంది.

గ్రెటా మోవాట్‌ది కిర్రీమ్యూర్ దాటాక ఒంటరి ఇల్లు. గరాజ్‌లో ముళ్ళపందుల ఆసుపత్రి నడిపేది. తోటల్లో తిరిగే పిడికెడంత ముళ్ళపందులు. కార్లు తగిలినవి, గడ్డి కోసే మిషన్ల పాలబడ్డవి. పోయినేడు నేను వెళ్ళినప్పుడు ముప్ఫై పెట్టెలు, ఒక్కోదాని మీద ఒక్కో పేరు. సిరంజితో ఒకదానికి తిండి పెడుతూనే నాతో మాట్లాడింది. నాకేసి ఒక్కసారి కూడా చూడలేదు. ఆ పనితనం చూసి ముచ్చటపడి ఆవిడ పేరు ముందుకు తెచ్చాను.

ఇవాళ ఆసుపత్రి బోర్డు లేదు. గరాజ్ తలుపు తీసి చూపించింది. పైకప్పు దాకా మా అల్లికలే. చిన్న దుప్పట్లు, గూళ్ళు, ముళ్ళపందులకు స్వెటర్లు కూడా. ముళ్ళపంది మాత్రం ఒక్కటీ లేదు.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. అడిగినదానికల్లా నిదానంగా చెప్పింది. మొదటి వారంలోనే ఒకదాని కాలికి ఊలు పోగు చుట్టుకుని పాదం పోయిందట. ఆ తర్వాత ఏదీ వాడలేదు. పారేయడానికి మనసొప్పలేదు, ప్రతిదానికీ ఎవరిదో ఉత్తరం గుచ్చి ఉంది. రెండు వేల మూడొందల పార్సెళ్ళు. వాటికి చోటు కావాలని పెట్టెల్ని వెనక పాకలోకి మార్చింది. జూన్‌లో మావాళ్ళు పదకొండు మంది చూడ్డానికి దిగారు. పిల్లలు పెట్టే కాలం, ఇప్పుడు వద్దని చెప్పిందట. ఎబర్డీన్ నుంచి ఇంత దూరం వచ్చాం, ఒక్కదాన్ని తొంగి చూస్తాం అన్నారట. ఆ ఒక్కదానికి అంతకు ముందురోజే నాలుగు పిల్లలు పుట్టాయి. ముళ్ళపంది బెదిరితే పిల్లల్ని తినేస్తుంది. తినేసింది. వచ్చినవాళ్ళకు ఆ సంగతి తెలియదు. గ్రెటా వాళ్ళకి టీ ఇచ్చి పంపింది.

వాళ్ళు కేక్ పట్టుకొచ్చారట. నా కేక్ సంగతి నేను ఎత్తలేదు.

అసలు దెబ్బ వంటింట్లో తగిలింది. బల్ల మీద ఉత్తరాల దొంతర్లు. రెండు వేల మూడొందల మందికీ ఆవిడ చేత్తో జవాబు రాస్తోంది, ఏ ఒక్క ఉత్తరం ఇంకోదానిలా లేకుండా. ఇదివరకు పొద్దున్నపూట తిండి పెట్టే వేళ, అది ఉత్తరాల వేళ అయింది. రెండూ కుదరక జూలైలో మిగిలిన ప్రాణుల్ని వేరే ఊరి పశువుల డాక్టరుకు అప్పగించేసింది. ఉత్తరాలు మాత్రం ఆపలేదు. ఇంకా నాలుగొందలు ఉన్నాయి.

ఎందుకు రాస్తున్నారని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"ఎవరో కూర్చుని అల్లి పంపితే జవాబు రాయకుండా ఎలాగమ్మా? మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి తిడుతుంది. పైగా మీరు కూడా గుర్తుచేశారు కదా."

ఫ్రిజ్ మీద కాగితం ఉంది, అయస్కాంతం కింద. నా మెయిల్. ఫిబ్రవరిలో నేను పంపింది. "కొందరు సభ్యులకు ఇంకా మీ నుంచి కబురు అందలేదట, కాస్త చిన్నబుచ్చుకున్నారు, ఒక్క ముక్క రాసినా చాలు." ప్రింట్ తీయించి పెట్టుకుంది. కోపంతో కాదు, మరిచిపోకుండా ఉండడానికట.

ఫోటో తీయలేదు.

సెప్టెంబర్ 8, ఆదివారం

కేక్ పక్షులకు వేశాను.

సెప్టెంబర్ 9, సోమవారం

విల్మాకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆవిడ ఒక్కటే అంది, ఈ మాట గూట్లో పొక్కకూడదని. వాదించాను. ఇన్నిస్ పేరు తీసేద్దాం అన్నాను. ఓటింగ్ మొదలయ్యాక పేరు తీయడం ఎప్పుడూ లేదంది. అదీ నిజమే, పైగా తీసేస్తే రెండో పేరు ముందుకొస్తుంది. అది ఇంకా చిన్నది, మూడు చక్రాల సైకిల్ మీద పుస్తకాలు పంచే ఒక ముసలావిడ.

విల్మా చెడ్డది కాదు. ఆవిడ మొగుడు కేర్ హోమ్‌లో ఉన్నాడు, పెళ్ళాన్ని గుర్తుపట్టడు గానీ ఊలు ఉండ చేతికిస్తే పట్టుకుంటాడు. ఫోన్ పెట్టేసే ముందు ఆవిడ అన్న మాట ఇంకా చెవిలో ఉంది.

"మన గూట్లో సగం మందికి ఆ పార్సెల్ కట్టడం కోసమే మంచం దిగాలనిపిస్తుంది రోనా. నిజం చెప్పి వాళ్ళ చేతిలో సూదులు లాక్కుంటావా?"



సెప్టెంబర్ 14, శనివారం

ఇన్నిస్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. డెబ్భై దగ్గర పడ్డ మనిషి. షెడ్డులో ఆరు కుర్చీలు పెడితే ఏడో దానికి చోటు లేదు. నేను మాట్లాడుతుంటే కుర్చీ చక్రం ఒకటి తిప్పి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, అందులో ఇసుక ఉందో లేదో చెప్తాడట. ఉంది.

ఏం కావాలని అడిగాను. పోయినేడు గ్రెటాను ఆ మాట అడగలేదు. ఈ పని చేస్తున్న మూడేళ్ళలో ఎవర్నీ అడగలేదు. వెళ్ళి, చూసి, మురిసిపోయి, ఫోటో తీసుకుని వచ్చేదాన్ని.

ఆయన ఆలోచించలేదు. చూపు మందగించి బండి నడపడం మానేశాడట. బాగుచేసిన కుర్చీలు ఇక్కడ, కావాల్సినవాళ్ళు మాంట్రోజ్‌లో, ఫోర్ఫర్‌లో. మంగళవారాలు ఎవరైనా వ్యాన్ తెస్తే చాలన్నాడు. అంతే. ఒక వ్యాను, ఒక మంగళవారం.

మావాళ్ళు ఇచ్చేది వ్యాన్ కాదు, కుర్చీలో కూర్చుని మోకాళ్ళ మీద కప్పుకునే దుప్పట్లు అని చెప్పాను. వేలల్లో వస్తాయని కూడా చెప్పాను. వద్దనండి అని నోటిదాకా వచ్చింది.

"ప్రేమగా ఇస్తే వద్దంటానా? అదేం మర్యాద?" అన్నాడు.

అరమీద కొత్త కాగితాల కట్ట కనిపించింది. లేత నీలం, అంచున గీతలు. మావాళ్ళు ఉత్తరాలు ఇష్టపడతారని ఎవరో చెప్పారట, ముందే కొని పెట్టుకున్నాడు.

సెప్టెంబర్ 16, సోమవారం

గ్రెటాకు క్షమాపణ రాశాను. నాలుగు సార్లు చించి అయిదోది పోస్ట్ చేశాను. చివర "దయచేసి దీనికి జవాబు రాయనక్కర్లేదు" అని రాసి కింద రెండు గీతలు కొట్టాను.

సెప్టెంబర్ 18, బుధవారం. సాయంత్రం 4.10

పెట్టేశాను. గూట్లో, అందరికీ కనిపించేలా. పాదం పోయిన సంగతి, జూన్‌లో జరిగింది, నా మెయిల్, అన్నీ.

4.19

డిలీట్ అయింది. తొమ్మిది నిమిషాలు. చూసినవాళ్ళు నలభై మంది. వాళ్ళలో ఒకావిడ, నేను మందు మీద ఉండి రాశానేమోనని రాసింది.

4.40

మళ్ళీ పెట్టాను. ఈసారి రెండు నిమిషాలే. ఇక నేను ఏది రాసినా విల్మా చూసి వదిలితే తప్ప ఎవరికీ కనబడదట.

సెప్టెంబర్ 22, ఆదివారం

సాయంత్రం ఆరింటికి ఓటింగ్ ముగిసింది. ఇన్నిస్ గెలిచాడు, అదీ మామూలుగా కాదు. గూడంతా హృదయాలు, పూలు. మోకాళ్ళ దుప్పటికి ఏ కుట్టు బాగుంటుందని అప్పుడే మూడు థ్రెడ్లు.

మా దగ్గర పద్ధతి ఏమిటంటే, గెలిచేదాకా చిరునామా వెళ్ళి చూసినవాళ్ళ దగ్గరే ఉంటుంది. విల్మా అడిగింది. మర్యాదగానే అడిగింది, ఏమీ జరగనట్టు. టైప్ చేశాను. ఇన్నిస్ టల్లక్, కేరాఫ్, ఆ కింద అర్‌బ్రోత్‌లో మా ఫ్లాట్ నంబరు.

పదేళ్ళ స్నేహం మాది. నేనెక్కడ ఉంటానో విల్మాకు తెలియదు.

సెప్టెంబర్ 24, మంగళవారం

సెలవు పెట్టి ఇన్నిస్ దగ్గరికి వెళ్ళాను. పార్సెళ్ళు నాకు వస్తాయి, జవాబులు నేను రాస్తాను, మీకు అభ్యంతరమా అని అడిగాను. కాగితాల కట్ట తీసి నా చేతిలో పెట్టాడు. బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు పాపం. నా కారులో ఒక్క కుర్చీ పడుతుంది, మడిస్తే. మాంట్రోజ్‌లో దింపి వచ్చాను.

అక్టోబర్ 9, బుధవారం

తలుపు సగమే తెరుచుకుంటోంది.

అక్టోబర్ 13, ఆదివారం

పోస్ట్‌మాన్ నాతో మాట్లాడటం మానేశాడు. దుప్పట్లు మంచం మీద, నేను సోఫా మీద. అన్నీ బాగున్నాయి, అదే బాధ. ఒకదాని అంచుకు చిన్న జేబు కుట్టారు, కళ్ళజోడు పెట్టుకోవడానికి. ఎవరో ఆలోచించి కుట్టారు.

ఇవాళ జవాబులు మొదలుపెట్టాను. ముందు నిజంగా థాంక్స్ చెప్తున్నాను, అల్లికలో నాకు నచ్చినదాన్ని పేరు పెట్టి మరీ. తర్వాత గ్రెటా కథ. తర్వాత ఆ మెయిల్ నాదేనని. చిరునామా విషయంలో అబద్ధమాడానని. వచ్చే ఏడాది ముందు ఏం కావాలో అడుగుదామని. గూట్లో రాసింది విల్మా చెరిపేయగలదు. ఎర్ర డబ్బాలో వేసింది చెరపలేదు.

పది రాసేసరికి పొద్దు గడిచిపోయింది. పదికే. గ్రెటా ఉదయాలు ఎటు పోయాయో వేళ్ళతో తెలుసుకుంటున్నాను.

అక్టోబర్ 20, ఆదివారం

విల్మా పార్సెల్ తగిలింది. ఏటా అందరితోపాటు ఆవిడా పంపుతుంది. బూడిద రంగు దుప్పటి, ఒక్క తప్పు కుట్టు లేదు. మూడు గంటలు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. చివరికి అందరికీ రాసిందే రాశాను.

అక్టోబర్ 25, శుక్రవారం

పనిలో ఉండగా విల్మా ఫోన్ చేసింది. తిడుతుందని వరండాలోకి వెళ్ళాను. ఆవిడ అడిగింది ఒక్కటే.

"ఎన్ని పిల్లలు?"

నాలుగు అన్నాను. ఎబర్డీన్ నుంచి వచ్చిన పదకొండు మందిలో తనూ ఉన్నానని చెప్పింది. పెట్టె మూత ఎత్తి చూసింది తనేనని కూడా చెప్పింది. పెట్టేసింది.



అక్టోబర్ 26, శనివారం

గూట్లో నా ఖాతా లేదు. పదేళ్ళు పోయాయి. ఏడిచాను, దాచడమెందుకు.

నవంబర్ 12, మంగళవారం

జవాబులకు జవాబులు వస్తున్నాయి. బూతులు మూడు. దుప్పటి తిరిగి పంపమన్నవాళ్ళు అయిదుగురు. చాలామంది ఏమీ అనలేదు. బ్రెహిన్ నుంచి జెస్సీ లమ్స్‌డెన్ అనే ఆవిడ రాసింది, తనకసలు అల్లడం రాదట, ఇన్నేళ్ళుగా పాత సామాన్ల కొట్లో కొని పంపుతోందట, ఎవరికీ చెప్పొద్దంది. మొగుడిది రొట్టెల వ్యాను, మంగళవారం ఖాళీ.

ఇవాళ నాలుగు కుర్చీలు వెళ్ళాయి. ఒక్కోదాని మీద ఒక దుప్పటి. ఇన్నిస్ వ్యాన్ చక్రానికి కూడా చెవి పెట్టి విన్నాడు.

నవంబర్ 24, ఆదివారం

ఇంకా పదమూడొందల జవాబులు రాయాలి.

డిసెంబర్ 3, మంగళవారం

గ్రెటా నుంచి ఉత్తరం. చక్కటి దస్తూరి, రెండు పేజీలు. నా క్షమాపణ అందిందట, ఎంతో శ్రమ తీసుకుని రాసినందుకు చాలా థాంక్స్ అట. ఆలస్యానికి ఏమీ అనుకోవద్దంది. వరుసలో నా వంతు ఇప్పటికి వచ్చిందట.