అడగకుండా పెట్టిన సంతకం

తమ్ముడు సుదర్శన్‌కు అక్క ఆశీస్సులు. బీపీ మాత్రలు మరవకు.

మన జిన్నింగ్ మిల్లు నిలబడింది! నిరుడు నువ్వు, మిల్లును తాకట్టు పెట్టి జనం దగ్గర అప్పు తెచ్చే డిబెంచర్ల కాగితం పట్టుకొచ్చి, "పేరుకే డైరెక్టర్‌వి గదనే అక్కా, జర సంతకం పెట్టు" అని నవ్వావు. "వాన పడితే వాటాదారు మనతోని తడుస్తడు. డిబెంచరోడు గొడుగేసుకొని వడ్డీ అడుగుతడు. నేను పెట్టనురా" అన్నాను. రెండు నెలలు నాతో మాట్లాడలేదు నువ్వు.

ఈసారి వానలకు పత్తి తడిసి ఎవరికీ లాభం రాలేదు. డిబెంచర్లు అమ్మిన పక్క మిల్లుకు వడ్డీ కట్టలేక తాళం పడింది. కట్టాల్సిన వడ్డీ లేదు గనక మన మిల్లు నడుస్తోంది. నీ మేనల్లుడు భరత్ హమాలీలందరి ముందు నా కాళ్లు మొక్కాడు.

అయినా నాకు ఫికరే. మళ్లీ ఎవరేం కాగితం తెస్తారో! ఈ ఉత్తరం కింద మాత్రం ఎవరూ అడగకుండానే సంతకం పెడుతున్నాను.

నీ అక్క