ఆ రెండు వేళ్లు

చిత్తూరు,
6 మార్చి 1985, బుధవారం.

అమ్మకు,

నీ చిన్నకొడుకు ఇన్నాసి నమస్కరించి రాస్తున్నాను. ఒంట్లో బాగానే ఉన్నాను. నువ్వూ, ఆవూ దూడా, ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న మన గుడి ఉపదేశి శాంతయ్య మామా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మామా, ఎప్పటిలా మధ్యలో ఆపి వక్కాకు వేసుకోవద్దు. మీకు చదవబుద్ధి కాని చోటు ఒకటి వస్తుంది. దాన్ని దాటేయకుండా చదవండి.

అమ్మా, నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. దగ్గు తగ్గింది. గురువిద్యాలయంలో తిండి మారలేదు. తెల్లవారుజామున గంట కొట్టగానే లేవాలి, మౌనంగా ధ్యానం, తర్వాత పూజ, ఆ తర్వాతే ఉప్మా. ఏడేళ్లలో అందులో ఒక్క మిరపకాయ ఎక్కువ పడలేదు. మన గుడిలో రెండు ఆదివారాలు నా పేరు చదివి, ఇతనికి ఫాదరుగా గురుపట్టం ఇవ్వకూడని కారణం ఏదైనా తెలిస్తే చెప్పమని అడిగితే ఒక్కరూ లేవలేదని సంబరంగా రాయించావు. పట్టం రోజుకని తెల్ల చీర కొన్నానన్నావు. చివర్లో, "పెద్దోడికి కబురు పెట్టొద్దు. మనిషి సెయ్యి నరికినోడు జైలు నుంచి సెలవు మీద గూడా నీ పట్టానికి రాగూడదు" అన్నావు. ఆ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఈ ఏడు మాకు పూజ చేయడం నేర్పుతున్నారు. మంత్రించని అప్పం, ఖాళీ పాత్ర పెట్టుకొని రోజూ అలవాటు చేసుకోవాలి. అప్పాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకోవాలి. పోయిన నెల, నేర్పే ముసలి ఫాదరు నా చెయ్యి పట్టుకొని, "ఈ రెండు వేళ్లు జాగ్రత్త. మా కాలంలో ఇవి లేనివాడికి పట్టమే లేదు" అన్నారు. నా చేతిలోని అప్పం జారి పడింది. పక్కనున్న అంతోని, "ఏం బ్రదర్, ఇప్పుడే వణుకా?" అని నవ్వాడు.

అంతేనమ్మా. వాడి గొంతు పట్టుకొని పూజబట్టల బీరువాకేసి తల బాదాను. మూడుసార్లు బాదాను. నుదురు పగిలి నెత్తురు నా తెల్లంగి మీద చిమ్మింది. నలుగురు పట్టుకొని లాగితేగానీ వదల్లేదు. ఏటేటా నా గురించి రాసే కాగితంలో శాంతస్వభావి అని రాసేవాళ్లు. ఇన్నేళ్ల మౌనానికీ మోకాళ్ల ప్రార్థనకూ నా కోపం చచ్చిందని నేనూ నమ్మాను. సిగ్గులేనివాణ్ణి.

మామా, ఇదే ఆ చోటు. ఆపకండి.

మూడేళ్ల కిందట నేను వేసవి సెలవులకు వచ్చినప్పుడు, కుప్పయ్య తన చెరుకు తోట గట్టును మన సమాధుల మీదికి జరిపాడు. నాయన సిలువను గడ్డపారతో పెళ్లగించి కాలవలో పడేశాడు. అన్న కర్రతో అతని నెత్తిన కొట్టాడు. కోర్టులో అన్న చెప్పినదాంట్లో అంతవరకే నిజం. కుప్పయ్య పడిపోయాడు. కళ్లలోకి నెత్తురు కారి ఏమీ కనబడక గడ్డపార కోసం నేలంతా తడుముతున్నాడు. ఆ చేతిమీద చెరుకు కత్తి వేసింది అన్న కాదమ్మా, నేను.

ఒక దెబ్బకు చూపుడువేలు తెగింది. "వద్దప్పా, సాలప్పా" అంటూ అతను చెయ్యి లాక్కోబోయాడు. నేను మణికట్టును కాలితో తొక్కిపట్టి రెండో దెబ్బ వేశాను. బొటనవేలు మట్టిలో పడింది. మొదటిది కోపంలో వేశాను. రెండోది వేసేటప్పుడు నాకు హాయిగా ఉండింది. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

అన్న నా చేతిలో కత్తి లాక్కున్నాడు. "పో. ఆ సొక్కా కాల్చెయ్. నువ్వు సామివి కావాల్సినోడివి" అని నన్ను తోటలోకి నెట్టాడు. నరికింది ఎవరో కుప్పయ్య చూడలేదు. అన్న తానే అని ఒప్పుకున్నాడు, నాలుగేళ్లు పడింది. నేను పెట్టె సర్దుకొని రైలెక్కాను. నువ్వు వాడికి శాపనార్థాలు పెడుతుంటే వింటూ ఊరుకున్నాను.

పాపసంకీర్తనంలో ఒక ఫాదరుకు చెప్పుకున్నాను. అక్కడ విన్నది వాళ్లు ప్రాణం పోయినా బయటపెట్టరు. గురువిద్యాలయం పెద్ద రెక్టరుకు మాత్రం నన్నే చెప్పుకోమన్నారు. మూడేళ్లు చెప్పలేదు. అంతోని నెత్తురు చూశాక చెప్పాను. రెక్టరు నియమాల పుస్తకం తీసి చూశారు. కావాలని మనిషి అవయవం నరికినవాడికి పట్టం లేదనీ, రోము నుంచి అనుమతి వస్తే వేరే సంగతనీ చెప్పి, "రాయమంటావా?" అని అడిగారు. అన్నను చూసొచ్చి చెబుతానన్నాను.

మొన్న సోమవారం కడప జైలుకు పోయాను. నిజం చెప్పేస్తానని అన్నతో అన్నాను. వాడు జాలీ సందులోంచి వేళ్లు దూర్చి నా కాలరు పట్టి గుంజాడు. నా నుదురు ఇనుప జాలీకి కొట్టుకుంది. "నా మూడేండ్లు బూడిదలో పోస్తావా? నువ్వు పూజ సేస్తావుంటే అమ్మ కండ్లారా సూడల్లనే గదరా నేను ఈడుండేది" అన్నాడు. జవాను వచ్చి విడిపించాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "అమ్మ నన్ను గురించి ఏమన్నా అడిగిందా?" అన్నాడు.

నీ ఉత్తరం నా జేబులో ఉంది. "అడిగింది" అన్నాను.

అక్కణ్ణుంచి తిన్నగా చిత్తూరు వచ్చి, రోముకు రాయవద్దని రెక్టరుకు ఉత్తరం వేశాను. రేపు పొద్దున ఇక్కడి ప్లీడరు బాలసుబ్రమణ్యం గారితో కోర్టుకు పోయి, జరిగింది రాసిస్తాను. ఇది నువ్వు వినేసరికి నన్ను లోపల పెట్టి ఉంటారు. గుడిలో నా పేరు చదవడం ఆపిస్తానని ఆయన ముందే అన్నారు. ఈ ఆదివారం ఒక్కసారి చదవనివ్వండని ఆ ఉత్తరంలో నేనే బతిమాలుకున్నాను. మామా, ఎప్పటిలాగే గట్టిగా చదివి, అడగవలసింది అడగండి. అమ్మా, అప్పుడు నువ్వు లేచి నిలబడు. నరికింది నా చిన్నకొడుకు అని చెప్పు. నీ నోటితో నువ్వు తిట్టినవాణ్ణి నీ నోటితోనే విడిపించాలి.

ఆ తెల్ల చీర దాచిపెట్టకు. కట్టుకొని కడపకు పో. ఎట్లుండావు నాయనా అని వాణ్ణి అడుగు. నువ్వు అడిగినావని నేను ముందే చెప్పేశాను.

ఇట్లు,
ఏ పట్టమూ లేని నీ చిన్నకొడుకు,
ఇన్నాసి