జరగని లెన్స్, జరిగిపోయే జనం

ఫిబ్రవరి 3

ఐనార్ గారికి,

మీరు ఫోను ఎత్తరు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. మంచు తప్ప ఇక్కడ అందరం క్షేమం.

మన చర్చి సభ్యుల పుస్తకానికి మీరు తీసిన ఫోటోలు కమిటీ చూసింది. నలభై కుటుంబాలూ దొంగను చూసినట్టు చూస్తున్నాయి. కెమెరా పట్టుకుని మీదిమీదికి వస్తే మన మిన్నెసోటా వాళ్లు ఏం చేస్తారు? వెనక్కి జరుగుతారు. మీరు మళ్లీ ముందుకు వస్తారు. క్లారెన్స్ దంపతులు అలా జరిగి జరిగి, తలుపు దాటి మంచులో నిలబడ్డారట.

ఆ తిరగని ప్రైమ్ లెన్స్ పక్కన పెట్టి జూమ్ లెన్స్ తెచ్చుకోండి. హాలు అవతలి చివర నిలబడి, లెన్స్ తిప్పి ముఖాలు దగ్గరికి లాక్కోవచ్చట. అందరికీ మర్యాదగా ఉంటుంది.

ఇట్లు,
వెర్నా టోలెఫ్‌స్రుడ్, చర్చి కార్యదర్శి

తా.క.: ఆ దంపతులిద్దరికీ జలుబు. మీ పేరు మీద వాళ్లకి సూప్ పంపాను.


ఫిబ్రవరి 7

వెర్నా గారికి,

సూప్ బాగుందని క్లారెన్స్ నన్ను పొగిడాడు. నేను కాదనలేదు.

జూమ్ మాత్రం ముట్టను. ప్రైమ్‌లో తిప్పడానికేమీ ఉండదు. ముఖం దగ్గరగా కావాలంటే మనమే నడవాలి. నడిచి వెళ్తే రెండు మాటలైనా మాట్లాడాల్సి వస్తుంది. ఈ ఊళ్లో ఒకే బెంచీకి అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు కూర్చుని ఏళ్ల తరబడి ప్రార్థన చేసేవాళ్లున్నారు. తప్పు లెన్స్‌ది కాదండీ.

మీ
ఐనార్ హౌగ్లాండ్

తా.క.: ఇంకా ఫోటో దిగనిది మీరొక్కరే. మూడుసార్లు తేదీ ఇచ్చాను, మూడుసార్లూ మీకు పంటినొప్పి. ఇంకా ఎన్ని పళ్లున్నాయో చెబితే దాన్నిబట్టి తేదీలు వేస్తాను.


ఫిబ్రవరి 11

ఐనార్ గారికి,

ఆ బెంచీకి అటు చివర కూర్చునేది నేను. ఇటు చివర మీరు. నన్నే అన్నారని కమిటీలో అందరికీ అర్థమైంది. ఉత్తరం చదివి వినిపించింది నేనే. వచ్చిన ప్రతి ఉత్తరం చదవాలని నియమం.

మనుషుల్ని దగ్గరికి రానివ్వని దాన్నని ముఖం మీదే అన్నారు. సంతోషం. జూమ్ తెచ్చుకోండి, లేదా తప్పుకోండి. పుస్తకంలో నా పేరు దగ్గర చర్చి గంటగోపురం బొమ్మ వేయించండి.

కార్యదర్శి

తా.క.: పంటినొప్పి నిజమే. మొదటిసారి.


ఫిబ్రవరి 14

వెర్నా గారికి,

తప్పుకుంటున్నాను. కానీ ఆ మాట మిమ్మల్ని అనలేదు, నన్ను నేను అనుకున్నాను.

ముప్పై ఏళ్ల క్రితం నా దగ్గరా జూమ్ ఉండేది. చర్చి పిక్నిక్‌లో సరస్సు అవతలి గట్టున నిలబడి మీవి ముప్పై ఆరు ఫోటోలు తీశాను. చెయ్యి చాపితే అందేంత దగ్గరగా కనిపించారు. అడగాలనుకున్నది అడిగేసినట్టే అనిపించింది. రీలు అయిపోయాక గట్టు చుట్టూ నడిచి వచ్చేసరికి మీరు లెరాయ్ పక్కన కూర్చుని ఉన్నారు. అక్టోబరులో మీ పెళ్లయింది.

ఆ జూమ్ మర్నాడే వదిలించుకున్నాను. లెరాయ్ మంచివాడు. ఆరేళ్ల కింద పోయినప్పుడు నేనూ ఏడ్చాను. కానీ ఆ రోజు ముందే నడవనందుకు ఇప్పటికీ బాధపడుతూనే ఉన్నాను.

ఆ ముప్పై ఆరింట్లో ఒకటి ఇందులో పెట్టాను, గోపురం బదులు అది వేయించండి.

ఐనార్

తా.క.: దయచేసి ఇది కమిటీలో చదవకండి.


ఫిబ్రవరి 16

ఐనార్,

చదవలేదు. నియమం తప్పడం ఇదే మొదలు.

ఫోటో మాత్రం చాలాసేపు చూశాను. ముప్పై ఏళ్లు దగ్గర పెట్టుకుని నా ముఖం దగ్గరే ఆగిపోయావా? కాస్త కిందికి చూడాల్సింది. నా చేతుల్లో రెండు పళ్లేలున్నాయి. రెండింట్లోనూ నేను ఓవెన్‌లో కాల్చిన తియ్యటి రూబార్బ్ పై ముక్కలు. ఒకటి నాది. రెండోది ఎవరికనుకున్నావు?

అవతలి గట్టున కెమెరా వెనక దాక్కున్న మనిషి ఎప్పుడొస్తాడా అని పట్టుకుని నిలబడ్డాను. నేనే వచ్చి ఉండొచ్చు. నాకూ ధైర్యం చాలలేదు. ఆ ముక్కల మీదికి చీమలొచ్చాయి. అప్పుడు లెరాయ్ వచ్చి, "ఆ రెండో పళ్లెం ఎవరికోసమైనా ఉంచావా?" అన్నాడు. "ఎవరికీ కాదు" అన్నాను. అతనితో సుఖంగానే బతికాను. ఆ ఒక్క అబద్ధం మాత్రం మనసులో ఉండిపోయింది.

గురువారం మూడింటికి హాలుకి రా. ఆ తిరగని లెన్సే తీసుకురా.

వెర్నా

తా.క.: కుర్చీ గోడకి ఆనించి వేశాను. వెనక్కి జరగడానికి చోటు లేదు.