ఉప్పునీటి నాచు

తమ్ముడూ,

ఇవాళ నీ ఆబ్దికం. భోక్తలు లేచి వెళ్లగానే ఎస్సైగారు వచ్చారు.

"పోస్టుమార్టంలో తీసిన మీ తమ్ముడుగారి ఎముక మూలుగలో దొరికింది కంటికి ఆనని ఉప్పునీటి నాచండి. మన కాలువలో అది ఉండదండి. ఏదో రొయ్యల చెరువులో మునిగి పోయేక, తెచ్చి కాలువలో పడేసేరండి. ఏ చెరువో ఇంకా తేలాలి" అన్నారు. ఊపిరుండగా పీల్చిన నీరే మూలుగ దాకా వెళుతుందట.

భార్య మాట పడలేక నువ్వే కాలువలో దూకావని ఊరంతా సీతను ఆడిపోసుకుంది. ఆత్మహత్య అనుకుని మేమూ నారాయణబలి చేయించాం.

సీత గుమ్మంలోకి వచ్చింది. "నా వల్ల కాదన్నమాట వదినగారూ" అంది. మళ్లీ తనే, "మరి ఎవరండీ?" అంది.

నువ్వు పనిచేసిన రొయ్యల చెరువు ఆసామి పొద్దున్నే తద్దినానికి అరటిగెల పంపించాడు. ఆయన కావచ్చు, కాకపోవచ్చు. జపానికి కూర్చుంటే దేవుడి పేరు రావడం లేదు, ఆయన పేరే వస్తోంది.

పెద్దక్క