మూడు పాత తీగలూ, ఒక పరాయి తీగా

నలభై ఒక్క ఏళ్ళుగా బేసు గిటారు వాయిస్తున్న నేను, వయసు అరవై ఆరు, ఈ రోజు పొద్దున బీపీ చూపించుకుని, కాఫీ తాగి, ఎవరి బెదిరింపూ ఎవరి బుజ్జగింపూ లేకుండా, పూర్తి తెలివితో, నా సొంత దస్తూరీతో రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవి ఏవీ లేవు. బుర్ర సరిగానే ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. మనసు సరిగా ఉందని మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ప్లీడరును అడిగితే చట్టానికి బుర్ర చాలన్నాడు.

ప్లీడరు ఇంకో మాట కూడా చెప్పాడు. “కొట్టివేతలు పెట్టకండి. సిరాతో రాశాక తప్పనిపిస్తే దాన్ని అలాగే ఉంచి, కింద సవరణ రాసి సంతకం పెట్టండి. చెరిపారంటే రేపు ఎవడో ఒకడు లేచి పేచీ పెడతాడు” అన్నాడు. కాబట్టి ఇందులో నా కడుపుమంట కనిపించిన చోట ఎవరూ కంగారు పడొద్దు. అది ఉన్నదే, పైగా చాలాకాలంగా ఉన్నదే.

దీన్ని అమలు జరిపే బాధ్యత మా బృందంలో డ్రమ్ములు వాయించిన మిత్రుడిది. ఏనాడూ వేళకు రాడు కాబట్టి అతన్ని అందరూ గడియారం అంటారు. డ్రమ్ముల ముందు కూర్చున్నాక మాత్రం రెప్పపాటు తేడా రాదు. బేసు వాయించేవాడు పెద్ద డ్రమ్మును తొక్కే డ్రమ్మరు కుడికాలు చూస్తూ వాయించాలి. ఆ కాలు చూస్తూనే నా జుట్టు నెరిసింది.

1. మేము ఉంటున్న రెండు గదుల ఫ్లాటు, వంటింటి కిటికీ పక్కన ఉన్న కుర్చీతో సహా, నా భార్యకు చెందాలి. ఆమె మీద నాకున్న ఫిర్యాదు అయిదో అంశంలో ఉంది. ఫిర్యాదు వేరు, ఇల్లు వేరు.

2. నా నాలుగు తీగల పాత బేసు మా అమ్మాయికి. ఆమె మెట్రో రైలు నడుపుతుంది, గిటారు పట్టదు. అయినా చిన్నప్పుడు దీని పెట్టెలో నిద్రపోయిన మనిషి. ఉద్యోగంలో చేరిన వారం ఇంటికొచ్చి, “నాన్నా, మా రైలు కదిలేటప్పుడు అచ్చం నీ లావు తీగలాగే మూలుగుతుంది” అంది. నా వాయింపుకు అంతకన్నా మంచి మెప్పు దొరకలేదు కాబట్టి బేసు ఆమెకే.

షరతు: సదరు బేసుకు తీగలు మార్చరాదు. దీనికి కొంత వివరణ అవసరం. ఇవి పైచుట్టు నున్నగా ఉండే తీగలు. వేలు జారితే కీచుమనవు. కొత్తలో ఇవీ కాస్త గలగలలాడతాయి. రెండేళ్ళకు నోరు తగ్గుతుంది, అయిదేళ్ళకు మాట వింటాయి, పదేళ్ళు దాటాక మనం అనుకునేలోపే పలుకుతాయి. లోకం వీటిని చచ్చిన తీగలంటుంది. నేను కుదురుకున్న తీగలంటాను. నా దగ్గర అలాంటివి మూడున్నాయి.

నాలుగుండాలి. మూడే ఎందుకున్నాయంటే దానికి కారణం మా తోడల్లుడు, అనగా నా భార్య చెల్లెలి భర్త, మా బృందంలో లీడ్ గిటారు. ఆయన చొక్కా మార్చినట్టు కచేరీకొకసారి తీగలు మారుస్తాడు. పంతొమ్మిదేళ్ళ కిందట నా పుట్టినరోజున నేను క్షవరానికి వెళ్ళొచ్చేసరికి నా బేసు తీగలు నాలుగూ పీకేసి, తళతళలాడే గరుకు తీగలు బిగించి, చేతులు దులుపుకుంటూ కూర్చుని ఉన్నాడు. “అన్నయ్యా, ఆ తుప్పు తీగలతో ఎన్నాళ్ళు గుంజుతావు? ఇప్పుడు చూడు, ఎలా మెరుస్తోందో!” అన్నాడు. నా తీగలేవని అడిగితే కింద చెత్తడబ్బా చూపించాడు. కొత్త క్రాపుతో వీధిలోకి వెళ్ళి డబ్బాలో భుజం దాకా చేయి పెట్టి వెతికాను. లావువి మూడు దొరికాయి. అన్నిటికన్నా సన్నది దొరకలేదు. ఆయన పెట్టిన వాటిలో మూడు పీకి పారేసి, సన్నదాన్ని మాత్రం గతిలేక ఉంచుకున్నాను. ఒక్క తీగ కోసం కొత్త సెట్టు కొంటే అదీ కొత్తదే కదా. అప్పటినుంచీ నా బేసులో మూడు తీగలు నావి, ఒకటి ఆయనది. మేము వాయించే హాల్లో ఏ ఒక్కరికీ తేడా తెలియలేదు. ఆ రోజు బాల్కనీలో నిలబడి నా భార్య మాత్రం నవ్వింది. ఎవర్ని చూసి నవ్విందన్నది ఇంకా తేలలేదు.

3. అయిదు తీగల బేసు తోడల్లుడికి. “కాలం మారింది అన్నయ్యా, నాలుగు చాలవు” అని ఆయన పోరితేనే కొన్నాను. ఆ అయిదో తీగ ఆయన నోరు లాంటిది, మనం ముట్టుకోకపోయినా మోగుతుంది. ఎవరి వస్తువు వారికి చేరడం ధర్మం.

4. గిటారు మీటే ప్లాస్టిక్ పిక్కులు నలభై మూడు, మిఠాయి డబ్బాలో పెట్టి బీరువా పైన ఉంచాను. నేను వేళ్ళతోనే వాయిస్తాను కాబట్టి ఇవి నావి కావు. ఇవన్నీ తోడల్లుడు మా ఇంట్లో రాల్చిపోయినవి. సోఫా సందులో, వాషింగ్ మిషన్లో, నా చెప్పుల్లో దొరికాయి. నలభై మూడోది, ఎర్రది, నా భార్య చదువుకునే పుస్తకంలో, నూట పన్నెండో పేజీలో దొరికింది. పుస్తకంలో గుర్తు పెట్టుకోవడానికి ఈ ఇంట్లో ఇంకేమీ దొరకలేదా అని నేను అడగలేదు. అడిగితే జవాబొస్తుందని భయం. డబ్బా మూత తీయకుండా ఆయనకు అప్పగించాలి.

5. సామాన్ల గదిలో దుప్పటి కప్పి ఉన్న పెద్ద బేసు ఆంప్, అనగా గిటారు శబ్దాన్ని పెంచే పెట్టె, పదిహేనంగుళాల స్పీకరుతో, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవనిది, విప్పి ముక్కలు చేయడానికి మా సామాన్లు బాగుచేసే సోల్డరింగు మేస్త్రికి ఇచ్చేయాలి. ఏ భాగమూ మళ్ళీ ఆంప్‌గా మారకూడదు.

మంచి వస్తువే. ఎక్కువ మాట్లాడదు, మాట్లాడితే నేల వింటుంది. లోపమల్లా దాని కరెంటు వైరు పొట్టిది కావడం. మేము శనివారం శనివారం వాయించే హోటల్ హాల్లో ప్లగ్గు స్టేజీకి ఎడమవైపే ఉండేది. అందుకని నా ఆంప్ ఎడమ చివర, తోడల్లుడి వెనక ఉండేది. నేనేమో గడియారం కాలు కనబడాలని కుడి చివర, గిటారును ఆంప్‌కు కలిపే ఇరవై అడుగుల కేబుల్ చివర నిలబడేవాణ్ణి. తోడల్లుడు తన సోలో వచ్చినప్పుడల్లా నా ఆంప్ మీద కాలు పెట్టి, కళ్ళు మూసుకుని, పైస్థాయిలో ఒక స్వరాన్ని పట్టుకుని సాగదీసేవాడు. జనం ఈలలు వేసేవారు. సొమ్మొకడిది, సోకొకడిది.

అదైనా సహించేవాణ్ణి. నా భార్య ప్రతి శనివారం వచ్చి ఎడమవైపు మొదటి వరుసలో మొదటి కుర్చీలో కూర్చునేది. కుడివైపు ఎన్నడూ కూర్చోలేదు. ఒకసారి నేనే కుడివైపు కుర్చీలో నా కోటు వేసి చోటు పట్టి ఉంచాను. కోటు మడిచి నా చేతికిచ్చి, వెళ్ళి ఎడమవైపే కూర్చుంది. ఆమె చూపు నేరుగా తోడల్లుడి కాలు మీదే ఉండేది. ఆయన కూడా కనిపెట్టాడు. “వదిన చెవిని దాటిపోవడం కష్టం అన్నయ్యా. నా వాయింపులో చిన్న మెలిక కూడా వదలదు” అన్నాడు నాతోనే. అన్న రోజు నాకు అన్నం సయించలేదు.

పదకొండేళ్ళ కిందట నడుం నొప్పి అని అందరికీ చెప్పి, ఆ ఆంప్ సామాన్ల గదిలో పడేసి, చంకలో పట్టే చిన్న ఆంప్ కొన్నాను. నా నడుం ఇనుములా ఉంది. ఆ పెట్టె లేకపోతే ఆయన కాలెక్కడ పెడతాడో చూద్దామని, అంతే. అదే నెలలో ఆయన వేరే బృందంలోకి వెళ్ళిపోయాడు. అదే నెలనుంచి నా భార్య కచేరీలకు రావడం మానేసింది. ఒళ్ళు బాగాలేదనీ, పనుందనీ చెప్పేది. రెండూ రెండూ కలిపితే ఎంతో నాకూ తెలుసు.

అప్పటినుంచి ఆమె వాలకమే వేరు. కాలింగ్ బెల్లు మోగుతున్నా కదలదు. ఫోను మోగి మోగి ఆగుతుంది. అమ్మాయి పిలిస్తే మూడోసారికి గానీ తల తిప్పదు. ఎవరి ఆలోచనలో ఉంటుందో. నేను పిలిస్తే మాత్రం టక్కున పలుకుతుంది, తప్పు చేసినవాళ్ళు పలికినట్టు.

6. సవరణ. అయిదో అంశం దాకా రాసి, కాగితాలు భోజనాల బల్ల మీద వదిలి మందుల షాపుకు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మార్జిన్ల నిండా పెన్సిలు రాత. నా భార్యది. పెన్సిలు రాత చెల్లదు కాబట్టి, చెరపడానికి నాకు హక్కు లేదు కాబట్టి, అక్షరం పొల్లుపోకుండా సిరాతో ఇక్కడ ఎక్కిస్తున్నాను.

నాలుగో అంశం పక్కన: “గుర్తుకు ఏదో ఒకటి కావాలి. చేతికి అది దొరికింది. బస్సు టికెట్టు దొరికితే అదే పెట్టేదాన్ని. ఆ పుస్తకం పూర్తి కాలేదు, గుర్తు తీసేసిన మహానుభావుడు మీరా?”

అయిదో అంశం పక్కన: “నేను అటు కూర్చున్నది మా మరిది కోసం కాదు, ఆ పెట్టె కోసం. అమ్మాయి బడికెళ్ళే రోజులనుంచీ నాకు సన్నటి శబ్దాలు తగ్గిపోతూ వచ్చాయి. బెల్లు వినబడదు, ఫోను వినబడదు, అమ్మాయి గొంతు సగమే వినబడుతుంది. మా మరిది వేళ్ళు కదలడం కనిపించేది, అంతే. బరువైన శబ్దం మాత్రం బాగా తెలుస్తుంది. ఆ పెట్టె ముందు కూర్చుంటే నేలమీంచి పాదాల్లోకి వచ్చేది, మీరు ఏం వాయిస్తున్నారో మొత్తం తెలిసేది. ఆ చిన్న డబ్బా తెచ్చారు, నాకు కచేరీ అయిపోయింది. ఊరికే కూర్చుని జనం చప్పట్లు కొట్టినప్పుడు కొట్టడం ఎందుకని మానేశాను. అమ్మాయి ఒకసారి చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మిషన్ పెడితే అంతా గరగర, తీసేశాను. మీకు చెప్పొద్దని నేనే ఒట్టు వేయించాను. చెబితే మీరు అరిచి మాట్లాడటం మొదలుపెడతారు. ఇంట్లో నాకు సరిగ్గా వినబడేది మీ గొంతొక్కటే. దాన్ని పాడు చేసుకోబుద్ధి కాలేదు. ఇక మా మరిదంటారా, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఇరవై ఏళ్ళు ఊదాడు, పాపం.”

ఆ సామెత ఆమే రాసింది. నేను రాసినట్టు ఎవరూ అనుకోవద్దు.

ఇది చదివాక సిగ్గేసింది. పదకొండేళ్ళు ఆమెకు నా వాయింపు లేకుండా చేసింది నేనే, ఎవడిమీదో కుళ్ళుతో. అయితే బుర్ర సరిగా ఉన్నవాడు నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను: సిగ్గుకన్నా ముందు సంతోషమేసింది. ఆయన సాగదీసిన పైస్వరాలు, జనం ఈలలు వేసినవి, ఒక్కటంటే ఒక్కటి ఆమెకు అందలేదు. సంతోషం కాస్త తగ్గాక ఆ పెట్టె మీద అసూయ పుట్టింది. ఇరవై ఏళ్ళు అది ఆమె ఎదురుగా ఉంది, నేను అవతలి చివర ఉన్నాను. ఈ బుద్ధి నాతోనే పోతుంది గానీ ముందు పోదు.

7. పై కారణాల వల్ల అయిదో అంశం రద్దు. సోల్డరింగు మేస్త్రి వచ్చి ఆంప్ విప్పి, దుమ్ము దులిపి, లోపల చెడిన గాజు వాల్వులు రెండు మార్చాడు. వైరు పొడవు చేస్తానన్నాడు, వద్దన్నాను. వంటింటి కిటికీ పక్కనే ప్లగ్గు ఉంది, దాని పక్కనే ఆమె కుర్చీ ఉంది. పొట్టి వైరుకు అది సరిగ్గా సరిపోయింది. ఇకమీదట సదరు ఆంప్ ఆమెది. ఆమె జీవితకాలంలో దాన్ని అక్కడినుంచి ఎవరూ కదపరాదు, ఎవరూ కాలు పెట్టరాదు. నా తరవాత మా అమ్మాయి సెలవు రోజున వచ్చి, వాయించడం రాకపోయినా సరే, పాత బేసు లావు తీగ మీటి వినిపించాలి. రైలు కదిలినట్టుంటే చాలు.

8. ఈ కాగితం చదివే రోజున ఆరో అంశం రాగానే తోడల్లుణ్ణి ఏదో పని మీద బయటికి పంపాలి. మొదట ఆయన ముందే, గట్టిగా, రెండుసార్లు చదివించాలనుకున్నాను. ఊహించుకుని రెండు రోజులు ఆనందపడ్డాను కూడా. తరవాత ఆలోచిస్తే, ఆమె ఆ మొదటి కుర్చీలో కూర్చున్నది ఆయన కోసమేనని నేను పొరబడినట్టే ఆయనా పొరబడ్డాడు. దాన్ని నమ్ముకునే అంత పైకి వాయించాడేమో. కాబట్టి ఆయనకు నేనిచ్చే ఆస్తి ఇదే: ఈ సంగతి తెలియకపోవడం. అయిదు తీగల బేసు దీనికి అదనం.

9. చిన్న ఆంప్ గడియారానికి. చేతి గడియారం కూడా ఇద్దామనుకున్నాను, ఉపయోగం ఉండదు.

పైన రాసినదంతా నేను చదువుకున్నాను, నా భార్య చదివింది, కొట్టివేతలు లేవు. నిన్న మధ్యాహ్నం గంటసేపు వాయించాను. ఆమె చెప్పులు వదిలి, కళ్ళు మూసుకుని, పాదాలు నేల మీద ఆనించి కూర్చుని విన్నది.

రాయడం ముగించిన తేదీ: పద్నాలుగు, పదకొండో నెల, రెండు వేల ఇరవై మూడు.

(సంతకం) బేసు గిటారు

సాక్షులు, నా కళ్ళ ముందు సంతకం పెట్టినవారు:
ఒకటి, సోల్డరింగు మేస్త్రి. చెప్పిన వేళకు వచ్చాడు.
రెండు, గడియారం. నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు.

కాగితం అడుగున, పెన్సిలుతో:
“నిన్న విన్నాను. సన్న తీగ ఆగాల్సిన చోట ఆగడం లేదు, పాదాలకు తెలిసిపోతోంది. హాల్లో ఎవరికీ తేడా తెలియలేదని రాశారు, తప్పు. మూడు మీవి, అదొక్కటి మీది కాదని నాకు పంతొమ్మిదేళ్ళుగా తెలుసు. మార్చేయండి.”